భయపడే పిల్లల్ని పిరికోళ్ళనకండి

ఈ నెల నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

మా మనుమడికి 14 ఏండ్లు. తొమ్మిదో తరగతి. బడిలో బోర్డు మీద లెక్క తప్పు చేస్తే క్లాసంతా నవ్విందట. అప్పటి నుంచి లెక్కలున్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటడు. "పిరికోడా! నీ వయసులో నేను కండెలు చుట్టి ఇల్లు నడిపిన" అని నలుగురి ముందు తిట్టిన. పిల్లగాడు ఆ పూట అన్నం ముట్టలే. మరునాటి నుంచి బడే మానేసిండు.

కోడలు సర్కారు దవాఖానకు తీసుకపోతే నేనూ వెంట పోయిన. కడుపులో ఏ రోగమూ లేదు. డాక్టరమ్మ మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. మెదడు లోపల బాదం గింజ లాంటి చిన్న భాగం ఉంటది, పేరు అమిగ్డాలా. ప్రమాదం అనిపిస్తే గంట కొట్టేది అదే. "ఆగు, ఏం కాదు" అని సముదాయించేది నుదుటి వెనక భాగం. అది 25 ఏండ్ల దాకా ముదురుతనే ఉంటదట. 2012లో న్యూయార్క్ పరిశోధకులు ఎలుకల్లోనూ మనుషుల్లోనూ చూసిండ్రు. ఒకసారి పట్టుకున్న భయం చిన్నపిల్లలకు, పెద్దలకు వదిలినంత సులువుగా ఈ ఈడు పిల్లలకు వదలదని తేలింది.

అప్పుడు నాకు మిల్లు యాదికొచ్చింది. 17 ఏండ్లకు బదలీగా సాంచెల ఖాతాలో చేరిన. మూడో రోజే పక్క సాంచె నుంచి నాడె ఎగిరి ఒకాయన భుజానికి తగిలింది. మరునాడు గేటు దాకా పోయి తిరిగొచ్చిన. మా వాడలో మామ అని పిలిచే పెద్దమనిషి ఒక్క మాట అనలే. ముందు ఆగి ఉన్న సాంచె మీద పోగులు అతికించమన్నడు. తర్వాత నడిచే సాంచె దగ్గర నిలబెట్టి తనూ పక్కనే నిలబడ్డడు. వారం పది రోజులకు ఒక సాంచె నా చేతికిచ్చిండు.

ఇప్పటికీ టక్కుమని చప్పుడైతే నా భుజం ముడుచుకుంటది. భయం చెరిగిపోలే, దాని మీద ఇంకో పాఠం పడ్డది. డాక్టరమ్మ చెప్పింది కూడా ఇదే. తప్పించుకున్నా, బలవంతంగా తోసినా భయం బలుస్తది. తోడుండి కొద్దికొద్దిగా ఎదురుపెడితే మెదడు నేర్చుకుంటది.

నేను మనుమడికి తప్పు ఒప్పుకున్న. నాలుగో తరగతి చదివిన తాతకు వాడిప్పుడు పలక మీద లెక్కలు నేర్పుతుండు. నేను తప్పు చేస్తే ఇద్దరం నవ్వుకుంటున్నం. తర్వాత ఇద్దరు దోస్తుల ముందు చేసిండు. పోయిన వారం బడికి పోయిండు. బోర్డు దగ్గరికి ఇంకా పోలే. తొందర లేదు.

మీ ఇంట్లో ఇట్లాంటి పిల్లలుంటే సర్కారు వాళ్ళ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు. దానికంటే ముందు పిల్లల పక్కన కూర్చోండి. నా లెక్క నలుగురి ముందు తిట్టకండి.

వచ్చే నెల కలుద్దాం.