తప్పు పనివానిదా, పద్ధతిదా?

నాణ్యత అనగానే మనలో చాలామందికి తోచేది తనిఖీ, దాని వెంట దండన. ఈ భావన సరికాదని మా అభిప్రాయం. 1924లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో వాల్టర్ షూహార్ట్ ఒక చిన్న పటం గీశారు. సగటు రేఖకు ఇరుప్రక్కలా రెండు హద్దులు. హద్దుల లోపలి హెచ్చుతగ్గులు పద్ధతిలోనే ఇమిడి ఉన్నవి. హద్దు దాటినవానికి ప్రత్యేక కారణం వెదకాలి. నాణ్యతా నిర్వహణకు మూలస్తంభం ఈ విభజనే.

ఆయన మార్గంలో నడిచిన ఎడ్వర్డ్స్ డెమింగ్ దీనిని పూసలతో బోధించేవారు. పెట్టెలో 4,000 పూసలు, వాటిలో 800 ఎర్రవి. 50 గుంటలున్న పలకను ముంచి తీయడమే పని. ఎర్రపూస వస్తే లోపమన్నమాట. ఒకనికి ఏడు వస్తాయి, మరొకనికి పదమూడు. మొదటివానికి మెప్పు, రెండవవానికి చీవాట్లు! కాని ఎర్రపూసలను పెట్టెలో పోసినది పనివాడు కాడు కదా.

మన కళాశాలల్లో జరుగుతున్నది మరేమిటి? ఉత్తీర్ణత రెండు శాతం తగ్గితే ఉపన్యాసకునికి సంజాయిషీ నోటీసు. మరుసటి ఏడు అంతే పెరిగితే శాలువా. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి చేతికి ఆంగ్ల పాఠ్యగ్రంథం ఇచ్చి, అతడు తప్పితే సోమరి అంటాము (మేమూ అన్నవారమే). అది పెట్టెలోని ఎర్రపూస.

సోమరులే లేరని మేమనము. హద్దు దాటిన బిందువుకు కారణం అడగవలసిందే. అయితే ఈ ఏటి నోటీసులు వ్రాసే ముందు, గత పదేళ్ల ఫలితాలను ఒక పటంపై గుర్తించి చూడవలసిందిగా కమిటీవారికి మా మనవి.