మెదక్ కిటికీకి మన చేయి

ఇరవై ఏళ్లు కేసముద్రంలో బోర్డులు రాశాను. మార్కెట్ యార్డు చుట్టూ మిర్చి, పసుపు, మక్కలు కొనే అడ్తి దుకాణాల పేర్లు చాలావరకు నా కుంచెవే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. మిగిలిన బోర్డులేమో ఎండకు వెలిసిపోయాయి.

ఆ దిగులులోనే ఒకసారి మెదక్ చర్చికి వెళ్లాను. 1924లో ప్రారంభమైన ఆ గుడిలో మూడు పెద్ద రంగు గాజు కిటికీలున్నాయి. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. మొదటిది 1927లో బిగించారు, చివరిది 1958లో. అన్నేళ్ల ఎండ తిన్నా ముఖాల మీది సన్న గీతలు అట్లాగే ఉన్నాయి. నా అక్షరం ఎందుకు పోయింది, ఆ గీత ఎందుకు నిలిచింది?

బట్టీలో కాలింది కాబట్టి. మెత్తటి గాజు పొడి, ఇనుప ఆక్సైడ్ కలిపి తుమ్మబంక నీళ్లతో నూరి గీస్తారు. 650 డిగ్రీల దగ్గర ఆ పొడి కరిగి అద్దంతో ఒకటైపోతుంది. బంగారు పసుపు దారి వేరు. వెండి లవణాన్ని అద్దం వెనక పూసి కాలిస్తే, వెండి గాజులోకే దిగి పసుపు తేలుతుంది.

హైదరాబాద్‌లో ఒక పెద్దాయన దగ్గర రెండు ఎండాకాలాలు ఈ పని నేర్చుకున్నాను. గీత నాకు కష్టం కాలేదు, వెలుగు కష్టమైంది. బోర్డు మీద మెరుపు కావాలంటే తెల్ల రంగు పెడతాం. గాజు మీద తెలుపు పెట్టేది లేదు. ముందు అద్దమంతా పల్చగా నల్ల పూత పరచాలి, మెత్తటి వెడల్పు కుంచెతో నిమరాలి, ఆరాక పుల్లతో, సూదితో గీకి తీయాలి. తీసిన చోట ముక్కు మెరుస్తుంది, చెంప తేలుతుంది. బల్ల మీద పెట్టి చూస్తే ఏమీ తెలియదు, కిటికీకెత్తి చూడాలి. వేయడమే తెలిసిన నా చేతికి తీయడం అలవాటు కావడానికి మొదటి ఎండాకాలమంతా పట్టింది.

నా మొదటి ముక్క చల్లారకముందే ఆత్రంగా బట్టీ తలుపు తీశాను. టప్‌మని రెండైంది. "కుమ్మరి కూడా ఆవం చల్లారేదాకా ఆగుతడు గద బిడ్డా" అన్నాడు పెద్దాయన.

ఆ మాటే నన్ను ఆలోచింపజేసింది. నిప్పుకు ఓపిక పట్టడం మన కుమ్మరులకు తెలుసు. రంగును బంకలో కలపడం చేర్యాల నకాశీలకు తెలుసు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చే చేతులున్నాయి. సగం విద్య ఇక్కడే ఉంది. మనం మాత్రం గ్లాస్ పెయింటింగ్ అంటూ ట్యూబు రంగులు పిండించి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతున్నాం. పిల్లల ముచ్చటకు అది చాలు, బతుకుదెరువుకు చాలదు.

వరంగల్‌లోనో మహబూబాబాద్‌లోనో ఒక ప్రభుత్వ ఐటీఐలో చిన్న కరెంటు బట్టీ పెట్టాలి. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం పాఠం తయారు చేయాలి. గాజు ముక్కలను కలిపే పట్టీ సీసంతో చేసింది, కొన్ని రంగుల్లోనూ సీసం ఉంటుంది. కాబట్టి మాస్కు, చేతి తొడుగులు, గాలి ఆడే గది మొదటి పాఠంలోనే రావాలి. ఇంట్లో వీడియోలు చూసి నేర్చుకునే పని కాదిది.

రేపు మెదక్ కిటికీలో ఒక ముక్క పగిలితే, దాన్ని గీసి కాల్చి బిగించే మనిషి ఈ జిల్లాల నుంచే పోవాలని నా కోరిక. బట్టీ పెట్టిన రోజున నా కుంచెలు, సూదులు, మిగిలిన గాజు పొడి డబ్బా తీసుకుని మొదటి రైలుకే వస్తాను.