నల్ల తెర చూసి బెదరవద్దు

కంప్యూటర్ తొందరగా తెరుచుకోవాలని లినక్స్‌లో నాలుగైదు సర్వీసులు ఆపేశారనుకోండి. మర్నాడు స్విచ్ వేస్తే బొమ్మలు లేవు, మౌస్ బాణం లేదు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు! "అంతా చెరిపేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్" అని ఎవరో ఒకరు అంటారు. నాకా సలహా నచ్చదు. డిస్కు తుడిచేస్తే మీరు దాచుకున్నవన్నీ పోతాయి; తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం తెలియదు.

అసలు జరిగిందేమిటి? స్విచ్ వేశాక కెర్నెల్ మెమరీలోకి వచ్చి, ఒకటో నంబరు ప్రాసెస్‌ను మొదలుపెడుతుంది. చాలా లినక్స్‌లలో అది 2010లో వచ్చిన సిస్టమ్‌డి. నెట్‌వర్కునూ, లాగిన్ తెరనూ పిలిచి పనిలో పెట్టేది అదే. మీరు 'డిజేబుల్' అన్నప్పుడు ప్రోగ్రాము చెరిగిపోదు, పిలుపుల పట్టీలో దాని పేరు పోతుంది, అంతే. హాజరుపట్టీలో పేరు కొట్టేస్తే పిల్లవాడు మాయమవుతాడా?

లాగిన్ తెరను చూపే డిస్‌ప్లే మేనేజర్‌ను ఆపి ఉంటే అక్షరాల తెరే వస్తుంది. అక్కడే పేరూ, పాస్‌వర్డూ ఇచ్చి లోపలికి వెళ్ళి, దాన్ని తిరిగి 'ఎనేబుల్' చేయవచ్చు. అదీ కుదరకపోతే బూట్ మెనూలో రికవరీ మోడ్ ఉండనే ఉంది.

కెలికారని పెద్దలు కోప్పడతారు. కెలకడం తప్పు కాదంటాను. ఒకేసారి నాలుగైదు ఆపి, వాటి పేర్లు నోటుబుక్కులో రాసుకోకపోవడమే తప్పు. ఒకటి ఆపి, రీబూట్ చేసి చూశాకే రెండోది. ఏ సర్వీసు ఎన్ని సెకన్లు తీసుకుంటోందో 'సిస్టమ్‌డి-అనలైజ్ బ్లేమ్' అనే ఆదేశం చెబుతుంది. చాలామంది అది అడగకుండానే ఆపేస్తారు.