క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చితే కారు పికప్ పెరుగుతుందా? అసలు లెక్క ఇదీ!

యాక్సిలరేటర్ తొక్కగానే కారు దూసుకుపోవాలి.. సౌండ్ గంభీరంగా ఉండాలి. ఈ మోజుతో కొందరు కంపెనీ ఇచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్ తీయించి ‘హై ఫ్లో’ రకం బిగిస్తున్నారు. మరి ఫలితం ఉంటుందా?

ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్, మండని ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేదే ఈ కన్వర్టర్. లోపల తేనెపట్టు లాంటి గదులు, వాటిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటాయి. హై ఫ్లో రకంలో గదులు తక్కువ. అందుకే పొగ తేలిగ్గా బయటికి పోతుంది. టర్బో కారుకు ఈసీయూ ట్యూనింగ్ కూడా చేయిస్తే తేడా తెలుస్తుంది. మామూలు పెట్రోల్ కారులో మాత్రం పెద్దగా తెలియదు. పాతది మూసుకుపోయి ఉంటే కొత్తది వేయగానే పికప్ తిరిగొస్తుంది. కానీ అది అప్‌గ్రేడ్ కాదు.. రిపేర్! సౌండ్ కాస్త మారినా, దాన్ని ప్రధానంగా నిర్ణయించేది మఫ్లర్, రెసొనేటర్లే.

అసలు చిక్కు వేరే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 కార్లలో కన్వర్టర్ పనితీరుపై ఆక్సిజన్ సెన్సర్లు కన్నేసి ఉంచుతాయి. తేడా వస్తే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. పొల్యూషన్ టెస్టులోనూ ఫెయిల్ కావొచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మొదటిసారి 3 నెలల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా 3 నెలలు లైసెన్స్‌కు అనర్హత.

పికప్ తగ్గిందనిపిస్తే ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చూపించుకోవాలి. కన్వర్టర్ వంతు ఆ తర్వాతే.