అమరావతి శిలలు – అప్పగింత ధర్మము

కృష్ణాతీరమున అమరావతి మహాచైత్యమును అలంకరించిన శిల్పఫలకములలో నూటికి పైగా నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించినవి మద్రాసు చేరి, 1859లో ఓడకెక్కి, 1880లో ఆ మ్యూజియమునకు సంక్రమించెను. వీనిని తిరిగి ఈయవలెనా అను ప్రశ్నకు ఆవేశమొక్కటే సమాధానము కాజాలదు.

ఈయనక్కరలేదనువారి వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాలిన్ మెకంజీ 1797లో ఆ దిబ్బను గూర్చి తెలిసికొనిన కాలముననే రాళ్లను పెకలించి కట్టడములకు వాడుకొనుచుండిరి. కొన్ని ఫలకములు సున్నపు బట్టీల పాలయ్యెను. కనుక మేమే కాపాడితిమని వారందురు. కాని వరదలో కొట్టుకొనిపోవు పెట్టెను పట్టి నిలిపినవాడు దానికి యజమాని కాడు; యజమాని వచ్చి అడుగువరకు కావలివాడు మాత్రమే. 1963నాటి చట్టము తమ చేతులు కట్టివేసినదనియు వారు చెప్పుదురు. మనుష్యులు చేసిన చట్టమును మనుష్యులే మార్పవచ్చును గదా!

అయినను అడుగువారి పక్షమునను ఒక బాధ్యత కలదు. ప్రకాశము జిల్లా చందవరపు బౌద్ధక్షేత్రమునకు చెందిన క్రీ. శ. 3వ శతాబ్దపు శిల్పమొకటి చౌర్యమునకు గురియై దేశము దాటెను. ఆస్ట్రేలియా జాతీయ కళాశాల దానిని 2005లో న్యూయార్కు వర్తకుని వద్ద కొనెను. అది చందవరమున ఉండగా తీసిన ఛాయాచిత్రము బయటపడుటచే నిజము తేలి, 2016లో భారతదేశమునకు తిరిగి చేరెను. ఇది తెల్లదొరల కాలపు తరలింపు కాదు. 1972నాటి పురావస్తు చట్టము మనకుండగనే మన కాపుదలనుండి జారినది. తిరిగి తెచ్చినది ఆగ్రహము కాదు, ఆధారము.

ఈ కష్టము మనదొక్కటే కాదు. మధ్య అమెరికా అడవులలోని మాయా శిలాస్తంభములను దొంగలు రంపములతో కోసి అమ్ముకొనిరి. అట్టి ఖండమొకటి 2021లో ఫ్రాన్సునుండి గ్వాటెమాలాకు మరలివచ్చెను. ఊరు విడిచిన శిల వెలగల వస్తువగునుగాని, తన కథను పోగొట్టుకొనును.

ఖమ్మము జిల్లా నేలకొండపల్లిలో బౌద్ధస్తూపము కలదు. తిరుమలాయపాలెము మొదలుకొని భద్రాచలపు అడవి అంచు వరకు ఏ ఊరి పొలిమేరలోనైన పాతరాయి కనబడినచో, విద్యార్థులచేత దాని కొలతలు వ్రాయించి, ఛాయాచిత్రము తీయించి, పురావస్తు శాఖకు తెలుపుట ఉపాధ్యాయులకు అసాధ్యమైన పని కాదు. లండనును అడుగు హక్కు మనకు పుట్టుకతో వచ్చినది. ఆ మాటకు బలము మాత్రము మన ఊరి రాతిని మనము చూచుకొను తీరునుండియే రావలెను.