నొప్పి గోలీకి చీటీ ఉండాలి, కవరు మీద తెలుగు ఉండాలి

తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ డైరెక్టర్ జనరల్ గారికి,

బాసర నుంచి రాస్తున్నాను. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ఊరు మాది. ఇదే ఊళ్లో తాము మింగే గోలీ ఏమిటో తెలియని పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు.

నిర్మల్, నిజామాబాద్ పల్లెల్లో ఎందరో ఆడవాళ్లకు బీడీ పనే బతుకుదెరువు. ఒడిలో చాట పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. వయసు మీదపడేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. మెడికల్ షాపుకు పోయి నొప్పి గోలీలు అడిగితే, షాపతను పట్టీలోంచి నాలుగు కత్తిరించి ఇస్తాడు. మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె నాకు చూపించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంది, గడువు తేదీ లేదు. డాక్టర్ చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక ఇంగ్లీషులో, షాపులో మిగిలిన ముక్క మీద ఉండిపోయింది. ఆమె రోజూ బీపీ గోలీ వేసుకుంటుంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

అడగాల్సింది అదే. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటి మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గించి నొప్పిని, వాపును దించుతాయి. కానీ కడుపు లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ ఆ రసాయనాలే. అందుకే ఇష్టమొచ్చినట్టు వాడితే కడుపులో పుండు పడి రక్తం కారవచ్చు, బీపీ, గుండెపోటు ముప్పు పెరగవచ్చు. టెల్మిసార్టన్ లాంటి బీపీ గోలీకి, ఒంట్లో నీరు తీసే గోలీకి ఇది తోడైతే కిడ్నీలకు మరీ ప్రమాదం. ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇంకా ఎక్కువ.

ఈ మందులే వద్దని నేననను. డాక్టర్ చూసి, సరిపోయినంత తక్కువ మోతాదులో, అవసరమైనన్ని రోజులే ఇస్తే కీళ్లనొప్పి ఉన్నవాళ్లు లేచి పని చేసుకోగలుగుతారు. మోకాలికైతే రాసుకునే జెల్, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా ఉన్నాయి.

ఈ మందు మీద కట్టడి మనకు కొత్త కాదు. పశువులకిచ్చిన డైక్లోఫినాక్ వాటి కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేస్తోందని తేలాక, 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని ఆపింది. మనుషుల సూదిమందు పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది. మన ఉమ్మడి ఆదిలాబాద్‌లో, బెజ్జూరు అడవి పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్నాయి. రాబందు కోసం సీసా కొలత మార్చగలిగినప్పుడు, పెద్దమ్మ కోసం మందు కవరు మీద నాలుగు తెలుగు మాటలు రాయించడం కష్టమేమీ కాదు.

నా విన్నపాలు మూడు.

ఒకటి: చీటీ లేకుండా ఈ నొప్పి మందులు అమ్మే షాపులను మండలాల్లోనూ తనిఖీ చేయండి.

రెండు: గోలీలు విడిగా ఇస్తే కవరు మీద మందు పేరు, గడువు, రోజుకెన్ని, ఎన్ని రోజులు అన్నది తెలుగులో రాసివ్వమని ఆదేశించండి.

మూడు: ప్రతి షాపులో తెలుగు బోర్డు పెట్టించండి. బీపీ, షుగర్, కిడ్నీ, గుండె జబ్బు, కడుపులో పుండు, గర్భం ఉన్నా, రక్తం పలచబడే మందు వాడుతున్నా ముందే చెప్పమనాలి. మలం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా గోలీ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లమనాలి.

అయితే తనిఖీ ఒక్కటే చేస్తే ఆ పెద్దమ్మ ఆర్‌ఎంపీ సూదికి పోతుంది, నొప్పి ఆగదు కదా. కాబట్టి వైద్య ఆరోగ్య శాఖతో మాట్లాడి, ప్రభుత్వ దవాఖానాలో బీపీ చూసే రోజే మోకాళ్లూ చూసి, క్రియాటినిన్ పరీక్ష చేసి, చీటీ రాసిచ్చే ఏర్పాటు చేయించండి. షాపుల మీద కట్టడి, దవాఖానాలో చూపు రెండూ ఒకేసారి మొదలుకావాలని కోరుతున్నాను.

ఇట్లు,
బాసర వాసి