పెట్టె మనది, తాళంచెవి ఎవరిది?

ఢిల్లీ చాందినీ చౌకులోని కూచా చౌధరీ సందు కెమెరా దుకాణాలకు ప్రసిద్ధి. దేవోత్థాన ఏకాదశి గడిచి ఉత్తరాదిన పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యే వేళకు గుర్‌గావ్, నోయిడా, ఘాజియాబాదు ప్రాంతాల ఛాయాచిత్రకారుల మనసు కొత్త కెమెరాల మీదికి పోవడం సహజం. అయితే అప్పుడే విడుదలైన కెమెరాను కొన్నవారికి ఒక వింత చిక్కు ఎదురు కావచ్చు. పెళ్ళి జరిగిపోతుంది. వేలకొద్దీ చిత్రాలు చేతికి వస్తాయి. తీరా కంప్యూటరులో తెరవబోతే, ఈ ఫైలును గుర్తించలేనని అది మొరాయిస్తుంది. ఏనుగు ఇల్లు చేరింది గాని అంకుశం ఇంకా దారిలోనే ఉన్నదన్నమాట.

ఇందుకు కారణం కెమెరా గర్భంలోనే ఉన్నది. కటకం వెనుక నున్న సెన్సరులోని ప్రతి గడీ వెలుగు ఎంత పడినదో కొలుస్తుంది. దాని రంగును ఎరుగదు. అందుచేత ఆ గడులపై ఎరుపు, ఆకుపచ్చ, నీలి వడపోతలను గళ్ళబట్ట వలె పరుస్తారు. కొడాక్ సంస్థ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు లభించిన ఈ అమరికనే నేటికీ చాలా కెమెరాలు అనుసరిస్తున్నాయి. ఆ కొలతలను ఉన్నవున్నట్లు భద్రపరచినదే రా ఫైలు. జేపెగ్ చిత్రం వండి వడ్డించిన అన్నమైతే, రా ఫైలు బియ్యం. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 అంతరువులు ఉంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. మండపం నీడలో మరుగైన వధువు ముఖాన్ని తరువాత వెలుగులోకి తీసుకురాగలగడం ఈ సమృద్ధి వల్లనే.

కాని చాలా సంస్థలు ఈ బియ్యాన్ని తమ తమ పద్ధతిలో మూటగట్టి, ముడి విప్పే విధానాన్ని బయటికి చెప్పవు. మూట పాతదే అయినా, సెన్సరు మారితే రంగుల స్వభావం మారుతుంది. సాఫ్ట్‌వేరు నిర్మాతలు ప్రతి కొత్త కెమెరాను పరీక్షించి దానికి తగిన రంగుల పట్టికను తయారు చేసుకోవాలి. 2012లో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ప్రో1 కెమెరాలో వడపోతల అమరికే మారింది. 2018లో కెనాన్ ఈఓఎస్ ఎం50తో సీఆర్3 అనే కొత్త ఫైలు వచ్చింది. రెండుసార్లూ సాఫ్ట్‌వేరు వెనుకబడి, వినియోగదారుడు వేచి ఉండవలసి వచ్చింది.

ఈ నిరీక్షణకు ఖర్చు కూడా తోడవుతుంది. ఫోటోషాప్ సీఎస్6ను సొంతానికి కొనుక్కున్నవారికి 2015 తరువాత కొత్త కెమెరాల మద్దతు నిలిచిపోయింది. ఆ పైన ఉన్న దారులలో ఒకటి చందా కట్టడం, మరొకటి ఫైళ్ళను ఉచిత సాధనంతో డీఎన్‌జీలోకి మార్చుకోవడం. డీఎన్‌జీ అనేది అడోబీ సంస్థ 2004లో వివరాలతో సహా ప్రకటించిన బహిరంగ రూపం. ఇక డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామరు 1997లో మొదలుపెట్టిన డీసీరా, సంస్థలు చెప్పని ముడులను ఒక్కొక్కటిగా విప్పి, మరెన్నో ఉచిత సాఫ్ట్‌వేర్లకు పునాది అయింది.

నేటి ఢిల్లీ రాజధాని ప్రాంతంలో చేరిన మీరట్ జిల్లాలోని సర్ధనాలో పుట్టి, హైదరాబాదు నిజాముకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన గాజు నెగటివులు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చాలు, నూరేళ్ళు దాటినా బొమ్మ కంటికి కనిపిస్తుంది. నేటి రా ఫైలుకు ఆ భాగ్యం లేదు. చదివే సాఫ్ట్‌వేరు లేనినాడు అది అంకెల కుప్ప.

కనుక కొత్త కెమెరాను కొనేముందే తమ సాఫ్ట్‌వేరు దానిని గుర్తిస్తుందో లేదో విచారించుకోవడం వివేకం. గుర్తించేంత వరకు రా ఫైలుతోపాటు జేపెగ్‌నూ తీయవచ్చు. తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేరును వాడుకోవచ్చు. మూల ఫైలును పారవేయకుండా, డీఎన్‌జీ ప్రతిని కూడా దాచుకోవడం మంచిది. పెళ్ళి ఒక్కనాటిదే, ఆ బొమ్మ మాత్రం మనుమల చేతికి అందవలసినది. దానిని తెరిచే తాళంచెవి ఒక్క సంస్థ దగ్గరే ఉండిపోవడం క్షేమం కాదు.